విత్తనం డబ్బా

మా నాయన మూలుగుకీ నా కుట్టుమిషన్‌కీ మధ్య ఒక ఒప్పందం ఉందని కరెంటు పోయిన రోజున తెలిసింది నాకు.

రాయదుర్గంలో మా ఇంటి ముందుగదిలో నా మిషన్ ఉంటుంది. జీన్స్ ప్యాంట్లకు జేబులు కుట్టడం నా పని. కత్తిరించిన ముక్కలు ప్యాంట్లు తయారుచేసే యూనిట్ నుంచి మూటలుగా వస్తాయి, నేను జేబులు కుట్టి పంపిస్తాను. మోటారు మిషన్ అది. నడుస్తుంటే వాకిట్లో పిడుగు పడినా వినపడదు. ఆ మధ్యాహ్నం ఒక ముక్కకు అంచు మడిచి కుడుతుండగా టప్పున కరెంటు పోయింది. మోటారు ఆగింది. లోపలి గదిలోంచి, బండను నేల మీద ఈడ్చినట్టు ఒక మూలుగు వినపడింది. ఒక్క క్షణమే. ఎవరో నోరు మూసినట్టు అదీ ఆగిపోయింది.

లేచి లోపలికి పోయాను. నాయన గోడవైపు తిరిగి మంచంలో ముడుచుకొని ఉన్నాడు. కండువా కొస నోట్లో కుక్కుకున్నాడు.

“నాయనా, నొప్పి ఎక్కువుండాదా?”

కండువా తీసి, “ల్యా, బాగుండా. కరెంటు పోయినట్టుండాదే,” అన్నాడు.

అప్పుడు అర్థమైంది. మిషన్ ఆడుతున్నంతసేపే మూలిగేవాడు. నేను అన్నానికి లేచినా, నీళ్లకు లేచినా, ఎవరైనా వస్తే మిషన్ ఆపినా నోరు బిగబట్టేవాడు. ఇన్నాళ్లూ నేను మిషన్ ఆపి చెవి పెట్టి విని, పర్వాలేదు, ఈ పూట నెమ్మదిగానే ఉన్నాడు అనుకునేదాన్ని. మళ్లీ కూర్చుని కుట్టేదాన్ని.

నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఏడుపు రావాల్సిన చోట కూడా నాకు ముందు కోపమే వస్తుంది.

“మూలిగేదానికి గూడా నా మిషన్ కావల్ల్యా నీకు? ఇంట్లో మనుషులు ల్యారా?” అని కేకలేశాను.

“దానికి సెప్పుకుంటే అది ఏడ్చదు గదా పాపా,” అన్నాడు. ఆయన నన్ను ఎప్పుడూ పాపా అనే పిలుస్తాడు, నాకే పెళ్లీడు పిల్లలున్నా సరే.

మంచం పక్కన నేల మీద కూర్చున్న మా అమ్మ అట్టముక్కతో విసురుతూనే ఉంది. ఆమెకు ఈ ఒప్పందం మొదటి నుంచీ తెలుసని ఆమె తల వంచుకున్న తీరులోనే తెలిసిపోయింది.

నాయనకు జబ్బు మూత్రం సంచి దగ్గర మొదలైంది. ఊళ్లో ఉన్నప్పుడు వేడి చేసిందనుకొని మజ్జిగ తాగి, సబ్జా గింజలు నానేసుకొని తాగి కాలం గడిపాడు. నడుము పట్టేసి లేవలేని స్థితికి వచ్చాక నేనూ మా ఆయనా పోయి అనంతపురం ఆస్పత్రికి తీసుకుపోయాం. అప్పటికే ఎముకలకు పాకింది. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. జబ్బును నయం చేయలేమంది. కానీ నొప్పి లేకుండా చూడగలమంది. “ఆ మాటైతే నేనివ్వగలను,” అంది.

ఆ మాటను నేను కొంగున ముడేసుకున్నట్టే పట్టుకున్నాను. ఆయన బతకడు అన్న మాటను ఎట్లాగో మింగాను. కానీ నొప్పి లేకుండా పోవాలి. నా ఇంట్లో, నా కళ్ల ముందు, మనిషి మనిషిలాగా పోవాలి. నేను దేవుణ్ణి అడిగింది అదొక్కటే. ఆ తర్వాత జరిగిందంతా దానికోసమే.

మార్ఫిన్ మాత్రలు ఇచ్చారు. రాయదుర్గంలో దొరకవు, కళ్యాణదుర్గంలో దొరకవు, ఆ ఆస్పత్రికి పోయే తెచ్చుకోవాలి. తెల్లగా, చిన్నగా ఉంటాయి. డాక్టరమ్మ నాయనకే నేరుగా చెప్పింది.

“పెద్దాయనా, ఇది నొప్పి వచ్చాక వేసుకునేది కాదు. రాకముందే వేసుకోవాలి. గడియారం చూసి వేసుకోవాలి. నొప్పి లేదు కదా అని మానకూడదు.”

నాయనకు ఇది వింతగా తోచింది. “ల్యాని నొప్పికి మాత్ర యాలమ్మా? ఇప్పుడే పెద్ద మాత్ర ఏసుకుంటే, రేప్పొద్దున ఇంగా పెద్ద నొప్పొస్తే అప్పుడేమేసుకునేది?”

“అప్పుడు ఇంకా పెంచుతాం. ఇంతకు మించి వేయకూడదన్న అంతు దీనికి లేదు. ఇప్పుడు వాడితే తర్వాత పనిచేయదేమో అనే భయం పెట్టుకోకండి.”

నాయన తలూపాడు. ఆ తలూపు నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. వ్యవసాయాఫీసరు వచ్చి వేరుశెనగ మానండి, ఇంకోటి వేయండి అని చెప్పినప్పుడల్లా ఇట్లాగే తలూపి, ఆయన జీపెక్కగానే మళ్లీ వేరుశెనగకే మడక కట్టి దున్నేవాడు. ఆ రోజు డాక్టరమ్మ ముందు ఆ తలూపు చూసి కూడా నాకు తట్టలేదు.

మా ఊరి పక్క మనుషులకు ఒక అలవాటుంది. ఉన్నది ఈ పూటే పూర్తిగా వాడేయడం మాకు చేతకాదు. వాన రాని ఏడాదులు అంత నేర్పాయి. అన్నిటికన్నా ముందు విత్తనం. ఇంట్లో గింజ లేక సంగటి ముద్ద సగం సగం పంచుకున్న ఏడు కూడా మా అటక మీద విత్తనం డబ్బా నిండుగానే ఉండేది. అందులో వేరుశెనగ విత్తనాలు. పురుగు పట్టకుండా బూడిదరంగు మందుపొడి కలిపి మూత బిగించేవాడు నాయన. ఒకసారి ఆకలికి తట్టుకోలేక అటకెక్కి గుప్పెడు తీశాను, ఇంకా నోట్లో వేసుకోలేదు కూడా. నాయన చూశాడు. చెంప పగలగొట్టి, ఎందుకైనా మంచిదని ఉప్పునీళ్లతో నోరు కడిగించి, వాంతి చేయించి, ఆ తర్వాత తనే కూర్చుని ఏడ్చాడు. “అవి తినేవి కాదు పాపా. ఎంత ఆకలైనా అవి తినేవి కాదు,” అన్నాడు.

ఊరు వదిలి మా ఇంటికి వచ్చేటప్పుడు బట్టల మూటతోపాటు ఆ డబ్బాను కూడా తెచ్చుకున్నాడు. ఆటోలో ఒళ్లో పెట్టుకొనే కూర్చున్నాడు, కుదుపుకి కుదుపుకి పళ్లు కొరుక్కుంటూ.

“ఇప్పుడు ఇదెందుకు నాయనా?” అంటే, “వానొస్తే మన సేను కౌలుకు సేసేటోడు విత్తనం యాడ తెస్తాడు? ఈడ్నే నా మంచం కింద పెట్టు,” అన్నాడు. పెట్టాను. మందుపొడి వాసనకు దాని జోలికి ఎవరూ పోలేదు.

మాత్రలు మొదలైన కొత్తలో కొన్నాళ్లు బాగుంది. తర్వాత ఏ మార్పూ కనపడలేదు. నేనే లెక్కగా చేతిలో పెట్టేదాన్ని, నీళ్ల చెంబు ఇచ్చేదాన్ని, నోట్లో వేసుకోవడం కళ్లారా చూసి మిషన్ దగ్గరికి పోయేదాన్ని. అయినా ఆయన ముఖం పొద్దుపొద్దుకీ పీక్కుపోతోంది. పక్కకు తిప్పితే ఒళ్లంతా వణికేది. మా అమ్మ కాలు పట్టబోతే కసిరేవాడు. “ముట్టుకోగాకు మే! పో ఆడికి!” ఇన్నేళ్ల కాపురంలో ఆమె మీద గట్టిగా గొంతెత్తని మనిషి. ఆమె పోయేది కాదు, చేతులు వెనక్కి తీసుకొని అక్కడే కూర్చునేది.

కరెంటు పోయిన ఆ రోజు తర్వాత నేను ఆస్పత్రికి పోయి డాక్టరమ్మతో పోట్లాడాను.

“ఈ మాత్రల్లో పిండి తప్ప ఏమన్నా ఉండాదా మేడమ్? మా నాయన కండవ నోట్లో కుక్కుకొని పడుంటాండాడు. నొప్పి లేకుండా సేస్తానని మాటిచ్చింది మీరే గదా.”

ఆమెకు కోపం రాలేదు. “మీ ముందే మింగుతున్నారా?” అని అడిగింది.

“మింగకుంటే యాడికి పోతాయి?”

ఆమె కొంచెం ఆలోచించి, కాస్త పెంచి రాసింది. జాగ్రత్తగా చూసుకోమంది, మరీ మత్తుగా ఉంటే ఫోన్ చేయమంది. మత్తు లేదు, నిద్ర లేదు, ఏమీ లేదు. వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బీడు పడ్డ చేలను చూస్తూ, మందులకు కూడా మా మీద దయ లేదనుకున్నాను.

ఆ తర్వాత మాత్రలు అయిపోవస్తుంటే మళ్లీ పోయాను. అక్కడ మందులిచ్చే కిటికీ దగ్గర మనిషి తల అడ్డంగా ఊపాడు. స్టాకు రాలేదు. ఎప్పుడొస్తుందో తెలియదు. డాక్టరమ్మ గదికి పరుగెత్తాను. ఆమె ఎవరెవరికో ఫోన్లు చేసింది. చివరికి ఇంకో రకం మాత్రలు చేతిలో పెట్టి, “వచ్చేవరకు ఇవి వేయండి. ఇవి చాలవని నాకు తెలుసు,” అంది. నా కళ్లలోకి చూడకుండా అంది. బయట మందుల షాపులన్నీ తిరిగాను. “అవి మేం పెట్టమక్కా, దానికి వేరే లైసెన్సుండల్ల,” అన్నారు. ఒకడైతే నేను అడిగిన పేరు విని, నన్ను పైనుంచి కిందకు చూశాడు, నేనేదో మత్తుకు మరిగిన దానిలా. వాడి కౌంటర్ మీద ఉమ్మేయాలనిపించింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. చెప్పులు విడుస్తుంటేనే నాయన నా ముఖం చూశాడు.

“ల్యాకపోయెనా?”

“రాలేదంట నాయనా. రేపో మన్నాడో వస్తాదంట.”

నేను ఏడుస్తానేమో అనుకున్నాను. ఆయన మాత్రం నవ్వాడు. చాలా రోజుల తర్వాత చూశాను ఆ నవ్వు. ఊరంతా విత్తనాల కోసం పరుగులు పెడుతుంటే తన అటక వైపు చూసుకొని నవ్వే నవ్వు అది.

“భయపడాకండి. మనకుండాయిలే. మేయ్, నా డబ్బా తీ,” అన్నాడు అమ్మతో.

అమ్మ మంచం కింద నుంచి డబ్బా లాగింది. మూత తీయగానే మందుపొడి ఘాటు ముక్కుకు కొట్టింది. వేరుశెనగ విత్తనాల మీద, పైపైన, ఒక పాత గుడ్డ పరిచి ఉంది. గుడ్డ ఎప్పుడో జారిపోయి ఒక పక్కకు నలిగింది. దాని మీదా, విత్తనాల సందుల్లోనూ మాత్రలు. ఎన్నో మాత్రలు.

“నేనేమన్నా తిక్కోన్నా, ఉండేవన్నీ అప్పుడప్పుడే మింగేదానికి? పెద్దనొప్పి ముందుండాదని నాకు తెలుసు. పూటకొకటి దవడకింద పెట్టుకొని, నువ్వు పోయినాక తీసి ఆరబెట్టి, మీయమ్మ కన్ను మూసినప్పుడు మంచం కిందికి చెయ్యేసి దాసినా,” అన్నాడు. గొంతులో ఎంత గర్వమో. “ఇప్పుడు సూడు. ఆస్పత్రిలో ల్యాకున్నా నా దగ్గరుండాయి.”

నేను ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాను. అది తెల్లగా లేదు. నోటి తడి మీద మందుపొడి అంటుకొని, ఉబ్బి, అంచులు విరిగి, బూడిదరంగు ముద్దలా ఉంది. ఇంకోటి తీశాను. అదీ అంతే. అన్నీ అంతే.

ఆయన అప్పటికే ఒకటి తీసుకొని నోటి దాకా తెచ్చుకున్నాడు. నేను మణికట్టు పట్టుకున్నాను.

“వద్దు నాయనా.”

“యాల?”

ఆయన చేతిని ఆయన ముక్కు దగ్గరికి తీసుకుపోయాను. వాసన చూశాడు. మాత్రను బొటనవేలితో రుద్దాడు. వేలికి పొడి అంటింది. ఆ వేలి వైపు చాలాసేపు చూశాడు. విత్తనానికి పొడి పట్టించడం ఎవరూ నేర్పక్కర్లేని మనిషి, జీవితమంతా ఆ పొడితోనే బతికిన మనిషి.

“కడిగితే పోదా పాపా?” అన్నాడు.

ఆ మాట అడిగినప్పుడు ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. ఆయన ముందే డాక్టరమ్మకు ఫోన్ చేశాను, ఆయన వినాలని స్పీకర్ పెట్టాను. నేను చెప్పిందంతా విని, “వద్దమ్మా. ఒక్కటి కూడా వద్దు. అన్నీ పొట్లం కట్టి, ఈసారి వచ్చేటప్పుడు నాకు తెచ్చివ్వండి. పిల్లల చేతికి అందనీయకండి,” అంది.

నాయన డబ్బా మూత తానే పెట్టాడు. సరిగ్గా పడలేదు, అమ్మ నొక్కింది.

“అయితే ఆ నొప్పంతా నేను ఉత్తగా పడితినా?” అన్నాడు.

అప్పుడు ఏడ్చాడు. జబ్బు పేరు చెప్పినప్పుడు ఏడవలేదు, మంచం పట్టినప్పుడు ఏడవలేదు. ఇప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడిస్తే నడుము కదిలి ఇంకా నొప్పి పుట్టేది, దానికి ఇంకా ఏడ్చేవాడు. నాకు ఎంత కోపం వచ్చిందంటే ఆ డబ్బాను వాకిట్లోకి విసిరి కొట్టాలనిపించింది. ఎవరి మీద ఆ కోపం? ఆయన మీదా, వాన మీదా, స్టాకు రాని ఆస్పత్రి మీదా? ఎవరిని తిట్టాలో తెలియక వంటింట్లోకి పోయి గోడకు తల ఆనించి నిలబడ్డాను.

ఆ తర్వాతి రోజులను నేను తలుచుకోను. డాక్టరమ్మ ఇచ్చిన ఆ రెండో రకం మాత్రలు ఆమె అన్నట్టే చాలలేదు. దగ్గరి డాక్టరును పిలిపించి సూది వేయించాం, దానికి కాసేపు కళ్లు మూసేవాడు, మళ్లీ తెరిచేవాడు. మంచం అంచు పట్టుకున్న చేతులు వదిలేవి కావు. ఆయన నన్ను అడిగింది ఒకటే.

“మిషన్ ఎయ్యి పాపా.”

మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆయనకు అరవాలని ఉంది. చుట్టుపక్కల వినపడకుండా, భార్య వినకుండా, నేను వినకుండా అరవాలని ఉంది.

పోయి మిషన్ మీద కూర్చున్నాను. గుడ్డ ముక్క చేతికి తీసుకోవడం కూడా చేతకాలేదు. ఉత్త సూదితో, దారం లేకుండా, మిషన్ పాదం కింద ఏమీ లేకుండా మోటారు నడిపాను. లోపల ఆయన అరుస్తూనే ఉన్నాడు. మోటారు ఎంత మోగినా ఆ అరుపు వినపడుతూనే ఉంది నాకు. ఆపితే ఆయనకు ఆ మాత్రం ఆసరా కూడా ఉండదు. కాలు తీయలేదు. యూనిట్ నుంచి మూట తెచ్చిన మనిషి వాకిట్లో నిలబడి, గుడ్డ లేకుండా నడుస్తున్న మిషన్‌నూ నన్నూ చూసి, మూట దించి వెళ్లిపోయాడు.

స్టాకు వచ్చిందని డాక్టరమ్మే ఫోన్ చేసింది. మా ఆయన బండి మీద కళ్యాణదుర్గం దాకా దించాడు, అక్కడి నుంచి బస్సు దొరికింది. పొట్లం కట్టిన పాత మాత్రలు ఆమెకు ఇచ్చి, కొత్తవి తీసుకున్నాను. ఇంటికొచ్చే దారంతా వాటిని జాకెట్లో పెట్టుకొని, పైన చెయ్యి ఆనించుకొని కూర్చున్నాను.

నోట్లో వేశాను. నీళ్లు పోశాను. “నోరు తెరువు నాయనా,” అన్నాను. తెరిచాడు. నాలుక ఎత్తమన్నాను. ఎత్తాడు.

“ఇంగ దాసుకోనులే. దాసుకొని ఏం బాగుపడితి?” అన్నాడు.

కొంతసేపటికి మంచం అంచు పట్టుకున్న చేయి తనంతట తానే వదులైంది. రెండో మాత్రకు కాళ్లు చాపాడు. ఎన్నాళ్ల నుంచో ముడుచుకొనే ఉన్న కాళ్లు అవి. నేను మిషన్ దగ్గరికి పోయి కాసేపు కుట్టి, టక్కున ఆపాను. ఏమీ వినపడలేదు. మళ్లీ కుట్టి మళ్లీ ఆపాను. పిచ్చిదానిలా అదే పని చేశాను. లోపల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

మర్నాడు బొరుగుల ఉగ్గాని చేయమని అడిగాడు. రెండు ముద్దలు తిన్నాడు. మిరపకాయ బజ్జీ కొరికే ఓపిక లేదు గానీ వాసన చూసి పక్కన పెట్టాడు. అమ్మను పిలిచి కాలు ఆమె ఒళ్లో పెట్టాడు.

“పట్టు మే. గట్టిగానే పట్టు,” అన్నాడు.

ఆమె పట్టింది. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేదు. ఆయన పైకప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

“నొప్పి ల్యాకుంటే ఇట్లుంటాదా?” అన్నాడు. “ఇట్లుంటాదని నాకు తెలీకపాయె. ఇన్ని దినాలూ ఇట్లుండొచ్చు గదా మే.”

అమ్మ కాలు పడుతూనే ఉంది.

ఆ నెమ్మది ఎక్కువ కాలం నిలవలేదు. జబ్బు దాని పని అది చేసుకుపోయింది. మాట తగ్గింది, తిండి పోయింది, పిలిస్తే రెప్ప ఎత్తేవాడు, అంతే. మాత్ర మింగలేకపోతే చెంచాలో నీటి చుక్కలతో నలిపి దవడలో పెట్టమంది డాక్టరమ్మ. అట్లాగే పెడుతూ వచ్చాను. చివరి రోజు పొద్దున మాత్రం తెలివిగా కళ్లు తెరిచాడు, మాత్ర కోసం తానే నోరు తెరిచాడు. నాకు ఆశ పుట్టింది. నలపకుండా అట్లాగే వేసి నీళ్లు పోశాను. గొంతు కదిలింది. ఈసారి నాలుక ఎత్తమని అడగలేదు.

నేను పొయ్యి దగ్గర ఉండగా అమ్మ పిలిచింది. గట్టిగా పిలవలేదు, మామూలుగా పిలిచింది. పోయేసరికి ఊపిరి లేదు. ముఖం మీద ముడతలన్నీ విడిపోయి, చిన్నప్పుడు నాకు తెలిసిన నాయన ముఖంలా ఉంది.

మా ఆయన తులసి దళం తెచ్చి చెంబులో వేశాడు. నోట్లో తులసినీళ్లు పోయమని నాకే ఇచ్చాడు. నాకు అన్నదమ్ములు లేరు. పెదవులు వేలితో విడదీసి నీళ్లు పోయబోయాను. వేలికి ఏదో గట్టిగా తగిలింది. ఎడమ దవడకింద, చిగుళ్ల పక్కన, జాగ్రత్తగా సర్ది పెట్టినట్టు, పొద్దున వేసిన మాత్ర. కొద్దిగా కరిగి, అట్లాగే తెల్లగా ఉంది.

మింగలేకపోయాడా, దాచుకున్నాడా? నొప్పి లేకపోతే ఎట్లుంటుందో తెలిసిన మనిషి. దాన్ని అప్పటికప్పుడు వాడేయడానికి మనసొప్పలేదా? నాకు తెలియదు. ఇంక ఎవరిని అడగాలి? ఏడుస్తూ వేలు పెట్టి ఆ మాత్రను బయటికి తీశాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నా అరచేతిలో ఉన్నదాన్ని చూసింది. చూడగానే ఆమెకు అర్థమైంది, ఆమెకు ఆయన సంగతి తెలియనిదేముంది.

“ఆడ్నే పెట్టు పాపా,” అంది. “పెట్టుకోనీ. పోయే దావలో నొప్పి లేస్తే ఏసుకుంటాడు.”

నేను మాత్రను మళ్లీ దవడకింద పెట్టి, తులసినీళ్లు పోసి, నోరు మూశాను.